పక్కన కూర్చునే పిల్ల

బడి వదిలేవేళకు గేటు దగ్గర అందరికంటే ముందు నిలబడే తల్లి ఈవిడే. బయటికొచ్చిన ప్రతి పిల్ల గడ్డమూ పట్టుకుని, "నీకెన్నొచ్చాయే బంగారం?" అని ఆరా తీస్తుంది. మంచి మార్కులు చెప్పిన పిల్ల బుగ్గ పుణుకుతుంది. తక్కువ చెప్పిన పిల్ల గడ్డం చటుక్కున వదిలేసి, ఆ వేళ్లు కొంగుకు తుడుచుకుంటుంది. తెలివైనా మొద్దుతనమైనా జలుబులా అంటుకుంటాయని ఆవిడ గట్టి నమ్మకం. మూడో తరగతి చదివే కూతురికి ఉన్నది ఒక్కగానొక్క స్నేహితురాలు, ఏ లెక్క ఇచ్చినా తప్పు చేసి నవ్వేసే పిల్ల. "ఆ మొద్దు గాలి సోకితే మాది కూడా పాడైపోతుంది టీచర్!" అని పోరుపెట్టి, కూతుర్ని ఫస్టు ర్యాంకు పిల్ల పక్కకు మార్పించింది. నెల తిరక్కుండానే ఆ ఫస్టు ర్యాంకు పిల్ల తండ్రి వచ్చి, ఆవిడ ఎదుటే, "ఈవిడగారమ్మాయి పక్కన చేరాక మా పాప మార్కులు తగ్గాయండీ, కాస్త దూరంగా కూర్చోబెట్టండి" అన్నాడు టీచరుతో. ఆవిడ ముఖం కందగడ్డయింది. "పసిపిల్లల్ని మార్కులు చూసి ఏరతారా? మీరసలు మనుషులేనా?" అని వీధి వీధంతా వినపడేలా అరిచింది. మర్నాడు కూతురు సంచీ పట్టుకుని పాత బెంచీ దగ్గరికొచ్చి నిలబడింది. స్నేహితురాలు పక్కకు జరగలేదు.

"మీ అమ్మనడిగే వచ్చావా?" అంది.