డబ్బాలో లోతు చూపినాయన

మీ పుస్తకం నేను అచ్చు వేయిస్తాను అని ముప్పై ఏళ్ల కిందట మస్కట్ ఊళ్లో, ఘాలాలో, ఒక మనిషికి మాట ఇచ్చాను. వేయించలేదు. ఆ మనిషి రెండు వారాల కిందట ఒక మంగళవారం సమాయిల్‌లో పోయారు. అల్యూమినియం తలుపులు చేసే చిన్న షాపులో కొలతలు వేసుకుంటూ బల్ల మీద తల వాల్చారట. టీ తెచ్చిన మనిషి కునుకు తీస్తున్నారనుకుని గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయాడట. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ కబురు చూశాను. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పెట్టినవాళ్లలో సగం మంది ఆయన్ని చూసి కూడా ఉండరు.

నేనాయన్ని డ్రాఫ్ట్స్‌మన్ గారు అనే పిలిచాను. ఇక్కడా అలాగే రాస్తాను. జగిత్యాల దగ్గరి మనిషి. ఇళ్లు కట్టే మా కంపెనీలో నక్షాలు, అంటే ప్లాన్లు, గీసేవారు. నేను గోదావరి వైపు బడిలో తెలుగు చెప్పి, ఆ జీతం చాలక వచ్చి, అదే కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసేవాణ్ణి. ఇప్పుడు కొడుకు వీసా మీద మస్కట్‌లో ఉన్నాను. డెబ్బై నాలుగేళ్లు. చదవడం తప్ప వేరే పని లేదు, ఈమధ్య దానికీ ఓపిక ఉండటం లేదు. జ్ఞాపకం మాత్రం బాగానే ఉంది. అది కొందరికి ఇబ్బంది.

ఒక ఫిలిప్పీన్స్ సర్వేయరు ఉద్యోగం వదిలి వెళ్లిపోతూ తన ఆటల డబ్బాను ఆయనకు ఇచ్చి వెళ్లాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే బూడిద రంగు డబ్బా. పాచిపట్టిన నీళ్లలా పచ్చటి తెర. దానితో రెండే ఆటలు.

"సార్, ఒక్కసారి ఇటు రాండ్రి," అని పిలిచారు ఒక శుక్రవారం, సెలవునాడు.

"నాకీ పిల్లల ఆటలెందుకయ్యా?"

"ఆట కాదు సార్. నక్షా. నడుస్తున్న నక్షా."

చూశాను. ఒక ఆటలో సందులు, మలుపులు, ఎదురుగా గోడలు. మనం లోపల నడుస్తున్నట్టే ఉంది. రెండో దాంట్లో ఉత్త గీతలు. ఆ గీతల పెట్టెలూ గోపురాలూ మన మీదికి వస్తున్నాయి, పెద్దవవుతున్నాయి, పక్కనుంచి పోతున్నాయి. నత్తనడకే. అయినా వెనక్కి జరిగాను.

"మొదటిది మోసం సార్," అన్నారాయన ఆనందంగా. "దగ్గరి గోడ, నడిమి గోడ, దూరం గోడ. మూడు బొమ్మలు ముందే గీసి పెట్టిండ్రు. మనం అడుగేస్తే బొమ్మ మారుస్తది. రెండోది నిజం. ప్రతి గీత అప్పటికప్పుడు లెక్కేసి గీస్తది. తమాషా ఏందంటే, ఈ డబ్బకు గుణకారం రాదు."

"గుణకారం రాకుండా లెక్కెలా చేస్తుంది?"

"చెయ్యదు. ఎక్కాలు ముందే బట్టీ కొట్టిచ్చి లోపల పెట్టిండ్రు. అడిగితే అండ్లకెళ్లి తీసి చెప్తది. మనం బడిల జేసినట్టే."

రువీలో పాత పుస్తకాల షాపులో ఆ జాతి చిప్పుల మీద ఒక లావుపాటి పుస్తకం కొని, రాని ఇంగ్లీషుతో కుస్తీ పట్టి తెలుసుకున్నారట ఇదంతా. తెర వెడల్పు నూట అరవై చుక్కలు, ఎత్తు నూట నలభై నాలుగు. రంగులు లేవు, పచ్చలోనే నాలుగు ఛాయలు. అంతటి పేదరికంలో లోతు ఎలా పుట్టించారన్నదే ఆయనకు పట్టుకున్న పిచ్చి. తక్కువ చెప్పి ఎక్కువ స్ఫురింపజేయాలని బడిలో పిల్లలకు అలంకారశాస్త్రం వల్లించినవాణ్ణి నేను. ఆ మాటకు అర్థం ఘాలాలో, ఇనుప మంచం మీద, ఒక డబ్బా చూపిస్తే తెలిసింది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. దేన్ని చూసినా ఒక కన్ను మూసి చూసేవారు. తలుపునీ, ట్రక్కునీ, భోజనం పళ్లేన్నీ కూడా. కొత్తవాళ్లు ఆయన కన్ను కొడుతున్నారనుకునేవారు. అడిగితే, "ఒంటి కంటితోని చూస్తే లోతు పోతది సార్. అప్పుడు తెలుస్తది, గీత ఎంత డ్యూటీ చేస్తున్నదో," అన్నారు. డబ్బాకు నాలుగు సెల్లులు కావాలి. అవి అయిపోతే పారేసేవారు కాదు, కిటికీలో ఎండకు పెట్టి ఇంకో పావుగంట పిండుకునేవారు.

ఇదంతా ఒక మనిషి సరదాగానే మిగిలిపోయేది, సీబ్ వైపు విల్లాలో ఆ పొరపాటు జరగకపోతే.

షట్టరింగ్ పనివాళ్లు, అంటే కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించేవాళ్లు, స్లాబుకు కింద ఉండి పని చేస్తారు. నక్షా పైనుంచి చూసినట్టు గీస్తారు. మా నిజామాబాదు, జగిత్యాల మేస్త్రీలు పైకి చూస్తూ పని చేసేవాళ్లు కాబట్టి, కాగితాన్ని కూడా నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని చదివారు. కుడి ఎడమైంది. బాత్‌రూమ్ పైపుకు వదలవలసిన కన్నం పడకగది నడిమధ్యలో వచ్చింది. జూన్ ఎండలో వాళ్ల చేతనే ఆ కాంక్రీటు పగలగొట్టించారు. క్షమాపణ ఉత్తరం నేను రాశాను. డ్రాఫ్ట్స్‌మన్ గారు ఆఫీసు వదిలి వెళ్లి రెండు రోజులు వాళ్లకు నీళ్లు మోశారు.

"మీ తప్పేముందయ్యా?" అన్నాను.

"గీత నాది గద సార్. వాళ్లకు కనపడని గీత ఎట్ల గీసిన?"

ఆ వారం శుక్రవారం నుంచి రూమ్‌లో క్లాసు మొదలైంది. సందుల ఆటకు ఆయన గ్రాఫు కాగితం మీద పటం గీశారు. డబ్బా ఒకరి చేతిలో, పటం ఇంకొకరి చేతిలో. పటం ఉన్నవాడు దారి చెప్పాలి, డబ్బా ఉన్నవాడు నడవాలి.

"అన్నా, ఈ సందు పట్టుకోని పోతే మా ఊరు వస్తదా?" అన్నాడు పెద్ద మేస్త్రీ.

"వస్తది. ముందు కుడి ఎడమ నేర్చుకో, లేకుంటే పక్కింట్ల జొరబడ్తవ్."

రూమంతా నవ్వులు. కాసేపు నడిచాక ఆయన, "ఇగ కాగితం నెత్తి మీదికి ఎత్తు. అట్లనే జూసి చెప్పు. కుడా, ఎడమా?" అన్నారు.

"కుడి."

"నొక్కు."

"గోడ తగిలిందే!"

"అగో. అదే విల్లల బాత్‌రూమ్."

ఎవరూ నవ్వలేదు. పెద్ద మేస్త్రీ కాగితాన్ని కిందికి దించి చూశాడు, మళ్లీ ఎత్తి చూశాడు. మళ్లీ దించాడు. పదిహేనేళ్లుగా ఆ పని చేస్తున్న మనిషి మొదటిసారి నక్షా చదవడం నేను కళ్లారా చూశాను. బడిలో అన్నేళ్లు చెప్పినా ఒక్కరి ముఖంలో కూడా అలాంటి వెలుగు తెప్పించలేకపోయాను. ఆ తర్వాత, నేను అక్కడ పని చేసినంత కాలం, కన్నం తప్పిందని ఉత్తరం రాయవలసి రాలేదు.

ఏడాది తిరిగేసరికి ఆయన నా చేతిలో మూడు నోట్‌బుక్కులు పెట్టారు. పైన పేరు: డబ్బాలో లోతు. దూరమైనది ఎందుకు చిన్నదవుతుంది, గీతలు ఎక్కడ కలుస్తాయి, ఆ చిన్న తెర మీద గోడ ఎలా నిలబడుతుంది, అదే గోడ నక్షాలో ఎలా ఉంటుంది, కింద నిలబడి ఎలా చూడాలి. ఎడమ పేజీలో రాత, కుడి పేజీలో బొమ్మ. బొమ్మలన్నీ పెన్సిలుతో నాలుగు ఛాయల్లోనే, అచ్చం ఆ తెరలాగే. కొత్తగా వచ్చే పనివాళ్లకు ఇవ్వాలని ఆయన కోరిక. నేను మాట ఇచ్చింది అప్పుడే.

నా తప్పు ముందు చెప్పుకుంటాను. ఎనిమిది నెలలు ఆ పుస్తకాన్ని 'దిద్దాను'. డబ్బాను యంత్రపేటిక చేశాను, లోతును త్రిమితీయత చేశాను. చదివిన చదువంతా ఆ పేజీల మీద ఒలకబోసి వేరే కాగితాల మీద రాసి చూపిస్తే ఆయన ఓపిగ్గా చదివి, "సార్, ఇప్పుడు నాకే సమజైతలేదు," అన్నారు. సిగ్గుపడి నా కాగితాలు చించేశాను. ఎనిమిది నెలలు మాత్రం తిరిగి రాలేదు.

అప్పట్లో ఇక్కడ మనవాళ్ల సంఘం ఒకటి ఉండేది. ఏటా సంచిక వేసేవారు, దానితోపాటు ఒక చిన్న పుస్తకం. సంచిక సంపాదకులవారు పెద్ద ఉద్యోగి, పెద్ద ఫ్లాటు, గాజు అల్మారాలో పుస్తకాలు. జిరాక్సు తీసి ఇద్దామనుకున్నాను. తీస్తే నాలుగు ఛాయల్లో రెండు ఎగిరిపోయాయి, గోడలు పోయి అంచులు మిగిలాయి. అందుకని అసలు నోట్‌బుక్కులే ఇచ్చాను. నాలుగు పేజీలు తిరగేసి ఆయన నవ్వారు.

"లేబర్ వాళ్లు ఆటబొమ్మతో ఆడుకున్నదీ పుస్తకమేనా మాస్టారూ? సరే, ఉంచండి, చూస్తాను."

చూస్తాను అన్న మాట ఆరుసార్లు విన్నాను. ఆ ఏడు సంచికలో ఆయనదే పన్నెండు పేజీల వ్యాసం వచ్చింది, ఎడారి ఒంటరితనం మీద. ఏసీ కారు దిగి ఏసీ ఆఫీసులోకి నడిచే ఆ ఇరవై అడుగుల్లో ఆయన చూసిన ఎడారి. చివరిసారి అడిగినప్పుడు, ఫ్లాటు మారేటప్పుడు పాత కాగితాలన్నీ పోయాయన్నారు. గాజు అల్మారా మాత్రం జాగ్రత్తగా కొత్త ఫ్లాటుకు చేరింది.

డ్రాఫ్ట్స్‌మన్ గారికి చెప్పడానికి వెళ్లాను. ఎక్కడో దూరాన రైసూత్ సైట్‌కు బదిలీ అయి పెట్టె సర్దుకుంటున్నారు. విని, చాలాసేపు పెన్సిలు చెక్కుతూ కూర్చున్నారు.

"పోనీ సార్. మళ్ల గీస్త," అన్నారు.

గీయలేదు. రైసూత్‌లో డ్యూటీ పన్నెండు గంటలు. తర్వాత కంపెనీలు మారారు, చివరికి సమాయిల్ చేరారు. ఏడాదికో రెండేళ్లకో కలిసేవాళ్లం. ఆ పుస్తకం ఊసు ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చేతిలో పట్టే ఆటల్లో తర్వాత రంగులొచ్చాయి, నిజమైన లోతే వచ్చింది. ఎలా ఉన్నాయని ఒకసారి అడిగాను. "మంచిగనే ఉన్నయ్ సార్. కని అన్నీ మెషీనే చూపెడ్తది. మన కండ్లకు డ్యూటీ లేదు," అన్నారు.

ఆయన పోయిన కబురు కింద గ్రూపులో 'తీరని లోటు' అని రాసినవారిలో సంపాదకులవారు కూడా ఉన్నారు. ఇప్పుడు హైదరాబాదులో విశ్రాంతిగా ఉన్నారు. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఏ నోట్‌బుక్కులు మాస్టారూ?" అన్నారు. అబద్ధం ఆడలేదు. నిజంగానే గుర్తు లేదు. దానికే ఒళ్లు మండింది.

శవం ఊరు చేరిన నాలుగో రోజు డ్రాఫ్ట్స్‌మన్ గారి భార్య నాకు ఫోన్ చేశారు. అంతకుముందు ఆమెతో నేనెప్పుడూ మాట్లాడలేదు.

"సార్, ఆ పుస్తకం ఒకటి పంపుతరా? దినాల నాడు ఫొటో కాడ పెడ్దామనుకుంటున్న."

"ఏ పుస్తకం అమ్మా?"

"అదే సార్, డబ్బాలో లోతు. అచ్చయినంక సైట్ల మీద అందరు పట్కపోయిండ్రట గద. ఒక్కటి గూడ మిగల్లేదన్నడు. మీ దగ్గరనన్న ఉంటదేమో అని అడుగుతున్న."

ముప్పై ఏళ్లు ఇంట్లో అలా చెప్పుకొచ్చారన్నమాట. నా పరువు కాపాడటానికేమో అని ఒక్క నిమిషం అనుకున్నాను. నేనెంత అల్పుణ్ణో ఆమె తర్వాతి మాటతో తెలిసింది.

"అండ్ల రాత నాది సార్. ఆయన బొమ్మ గీస్తే మంచిగుంటది కని తెలుగు రాస్తే కోడి గీకినట్టుంటది. ఉత్తరాలల్ల రాసి పంపెటోడు. నేను సాపు రాసి, అక్కడికి వచ్చెటోళ్లతోని పంపేది. చదివింది ఏడో తరగతే. నేను రాసింది అచ్చయిందని మా వాడకట్టంత చెప్పుకున్న."

ఎనిమిది నెలలు నేను దిద్దింది ఎవరి రాతనో అప్పుడు తెలిసింది. చెప్పక తప్పలేదు. అచ్చు కాలేదమ్మా అన్నాను. ఒకాయనకు ఇచ్చాను, ఆయన పోగొట్టాడు అన్నాను. అటు నుంచి ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"మీరు అడగలేదా సార్?"

"అడిగాను. ఆరుసార్లు."

"ఏడోసారి?"

తప్పు నాదీ ఉందమ్మా అని మొదలుపెట్టాను.

"మీది తర్వాత, సార్. ముందు ఆ పోగొట్టినాయన పేరు చెప్పుండ్రి. నేను అడుగుత. ఆగుండ్రి, రాసుకుంట."

ఆమె కాగితం వెతుక్కున్నారు. పెన్ను రాయకపోతే విదిలించుకున్నారు. ఇంతసేపూ సంపాదకులవారు, సంపాదకులవారు అంటూ మర్యాదగా నెట్టుకొచ్చాను. ఆమె దగ్గర ఆ మర్యాద చెల్లదు. పేరు చెప్పాను. ఒక్కో అక్షరం పైకి అనుకుంటూ, తొందర లేకుండా, సాపు రాసే మనిషి రాసినట్టు రాసుకున్నారు.

"చ... ల... ప... తి... రా... వు. ఇంకేమన్న ఉన్నదా సార్?"

"లేదమ్మా. అంతే. చలపతిరావు."