లింకు ఎటు పోతుందో చూసే మా వదిన

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను నాచారంలో ఆఫీసులో ఉన్నాను. "పోయిందే" అన్నాడు, అంతే. ఉప్పల్‌లో ఇంటికి చేరేసరికి వరండా నిండా చెప్పులు. వచ్చినవాళ్లలో సగం మంది నాకు తెలియదు. అంత దుఃఖంలోనూ నాకు మొదట తోచింది ఇదీ: ఇంతమందికి ఈమె ఎప్పుడు దగ్గరైంది? చదివేవాళ్లకు వింతగా ఉంటుందేమో. వదిన మీద నాకున్న ప్రేమ మొదటినుంచీ అసూయతో కలిసే ఉంది. ఆ రెంటినీ విడదీసి రాయడం నాకు చేతకాదు.

ఆమె రాకముందు మా ఇంట్లో కంప్యూటర్ల పని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అమ్మ వాడంతా చెప్పుకునేది. వదిన పోచారంలో సర్వర్లు చూసే ఉద్యోగి. పెళ్లయ్యాక అమ్మ మాట మారింది. టీవీ ఆగిపోతే నేను పక్కనే కూర్చుని ఉన్నా, "కోడలు రానియ్యి, అది సూస్తది" అనేది. వదిన వచ్చి, వాచీ తీసి పక్కన పెట్టి, "ఆగున్రి, జర సూద్దాం" అనేది. పని మొదలుపెట్టే ముందు ఎప్పుడూ ఆ వాచీ తీసేది. చాయ్ పూర్తిగా చల్లారాకే తాగేది.

మా ఆఫీసులో ఫ్యాక్టరీల మెషీన్ డ్రాయింగులు దాచి పెడతాం. ఒక్కో ఫ్యాక్టరీ తన ఫైళ్లన్నీ ఒకే ఆర్కైవ్‌గా మూటకట్టి పంపుతుంది. దాన్ని విప్పి ఆ ఫ్యాక్టరీ ఫోల్డర్‌లో సర్దే ప్రోగ్రాం నేనే రాశాను. మూటలోని ఫైలు ఏదీ ఆ ఫోల్డర్ దాటి బయట పడకూడదు. అందుకని ప్రతి ఫైలు పేరూ పరీక్షించేదాన్ని. పేరులో రెండు చుక్కలుంటే ఫైలు పై ఫోల్డర్‌లోకి ఎక్కుతుంది; అలాంటి పేరు కనిపిస్తే ఆపేదాన్ని. ఒక ఆదివారం వదిన చిక్కుడుకాయలు తుంచుతుంటే, గొప్పగా చూపించాను.

"మంచిగున్నది. మరి లింకుల సంగతేంది?" అంది.

"లింకులైతే ఏంది వదినా? పేర్లు చూస్తున్న గద!"

చేతులు తుడుచుకుని ఒక చిన్న ఆర్కైవ్ తయారుచేసింది. అందులో మొదటిది 'బొమ్మలు' అనే లింకు. లింకంటే అందులో సరుకేమీ ఉండదు, మరో చోటికి దారి మాత్రం ఉంటుంది. ఈ లింకు దారి మా ఫోల్డర్ బయటికి ఉంది. రెండోది, 'బొమ్మలు' లోపల పెట్టాల్సిన ఒక ఫైలు. రెండు పేర్లూ అమాయకంగా ఉన్నాయి. నా ప్రోగ్రాం ముందు లింకు పెట్టింది, తర్వాత ఆ లింకు గుండానే నడిచి వెళ్లి ఫైలును బయట పడేసింది. కిక్కురుమనలేదు.

"పేరు సూసి ఊకోకు పిల్లా. అది ఎటు పోతదో సూడు."

నవ్వాను గానీ లోపల భగ్గుమంది. తప్పు పట్టినందుకు కాదు. అంత తేలిగ్గా పట్టి, మళ్లీ చిక్కుడుకాయలు అందుకున్నందుకు.

మర్నాడు పంతం కొద్దీ లింకులన్నిటినీ ఆపేశాను. వెంటనే ఒక ఫ్యాక్టరీ నుంచి ఫిర్యాదు. తమ తాజా డ్రాయింగ్‌ను చూపే లింకు ఒకటి వాళ్లు అదే ఫోల్డర్‌లో పెట్టుకున్నారు, అది పోయింది. మళ్లీ వదిననే అడగాల్సి వచ్చింది.

"అన్నిటిని ఆపుతే ఎట్లనే? లోపల్నే తిరిగేటివి ఉండనియ్యి, బయటికి పొయ్యేటివి ఆపు. ప్రతిసారి మూటను కొత్త ఖాళీ ఫోల్డర్ల ఇప్పు. ముందుగాల ఫైళ్లన్నీ పెట్టి, లింకులు ఆఖరుకు పెట్టు. అప్పుడు లింకు మీదికెళ్లి ఏ ఫైలూ బయట పడది."

ఎక్కడైనా లోపం దొరుకుతుందేమోనని బస్సులో దారిపొడవునా ఆలోచించాను. దొరకలేదు. అలాగే రాశాను.

కొన్నాళ్లకు ఒక ఫ్యాక్టరీ పాత సర్వర్ మారుస్తూ ఉన్నదంతా మూటకట్టి పంపింది. అందులో ఒక లింకు, దాని లోపల పెట్టాల్సిన ఫైళ్లు ఉన్నాయి. వాళ్ల దగ్గర ఆ దారిలో ఉన్నవి వాళ్ల సొంత డ్రాయింగులు. మా సర్వర్‌లో సరిగ్గా అదే దారిలో అందరి డ్రాయింగులూ ఉన్నాయి. ఎవరికీ దురుద్దేశం లేదు. కానీ మా ప్రోగ్రాం ఆపి ఉండకపోతే వేరేవాళ్ల డ్రాయింగుల మీద వీళ్లవి పడేవి, ఎక్కడో ఇనుము తప్పు కొలతకు తెగేది. మేనేజర్ నా దగ్గరికి వచ్చి, "ఎవరి ఆలోచన ఇది?" అన్నాడు. "మా వదినది" అన్నాను. ఆ రోజునుంచి ఏ అనుమానం వచ్చినా "మీ వదినను అడగరాదు?" అనేవాడు. కొన్నాళ్లకు నన్ను దాటేసి ఆమెకే ఫోన్ చేసేవాడు.

తర్వాత వదినకు జబ్బు చేసింది. అది ముదిరాక దవాఖానాలో నేను పక్కన కూర్చుంటే, ఆమె ఫోన్ మోగుతూనే ఉండేది. ఆమె ఆఫీసులో కింద పనిచేసే పిల్లల సందేహాలు. పడుకునే జవాబులు చెప్పేది.

"వాళ్లందరికి ఇప్పుడెందుకు వదినా? జర పండుకో."

"అడిగెటోళ్లుంటే నాకు పానం మంచిగుంటది. నువ్వైతే పీకలదాక వచ్చినంకనే అడుగుతవ్" అంది. కోపం లేదు ఆ మాటలో.

కుర్చీ దగ్గరికి జరుపుకుని, "హార్డ్ లింకుల సంగతేంది మరి?" అన్నాను. అవి ఇంకో రకం లింకులు. జవాబు నాకు తెలుసు. వదిన దిండుకు చేరగిలబడి, ఆగి ఆగి, ఊపిరి తీసుకుంటూ అంతా చెప్పింది. ఫోన్ మోగినా ఎత్తలేదు. ఆ సాయంత్రం ఆమె నాకొక్కదానికే చెప్పింది.

దినాలు అయిన రోజు వదిన ఆఫీసు అమ్మాయి ఒకామెను మెట్రో దాకా దిగబెట్టడానికి వెళ్లాను. దారంతా "మా అక్క గిట్ల అనేది, మా అక్క గట్ల నవ్విచ్చేది" అంటూనే ఉంది. అలా నవ్వించే వదిన నాకు తెలియదు. ఎవరికి అక్క అని అడగాలనిపించింది.

ఆ అమ్మాయి గేటు దాటి మెట్లెక్కుతూ మధ్యలో వెనక్కి తిరిగింది. చెయ్యి భుజం దాకానే ఎత్తి, వేళ్లు మాత్రం ముడిచి తెరిచింది. రోజూ పొద్దున వాకిట్లో వదిన సెలవు తీసుకునేది అచ్చం అలాగే. ఇన్నేళ్లు చూసినా ఆ తీరు నా చేతికి రాలేదు. ఆ పిల్లకు తెలియకుండానే వచ్చేసింది. వెనకనుంచి జనం తోసుకుపోతున్నారు. ఇంకొక్కసారి తిరుగుతుందేమోనని నేను గేటు పట్టుకుని ఆ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను.