చెమట పట్టని పాప, గాలి రాని కారు

2024 ఎండాకాలం. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, జనం నీళ్ళ ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్న రోజులు. హెబ్బగోడిలో రోడ్డు పక్కన నాది కారు ఏసీలు బాగుచేసే షాపు. ఆ సీజన్‌లో నాకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. వచ్చే ప్రతివాడూ దిగీ దిగకముందే "అన్నా, గ్యాస్ కొట్టు" అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏసీకి ఏ రోగం వచ్చినా గ్యాసేనా మందు?

ఓబుళేసు కూడా ఆ మాటతోనే వచ్చాడు. కదిరి వైపు మనిషి, ఇక్కడ తాపీ మేస్త్రీ. చేతులు మారి మారి అతని దగ్గరికి చేరిన పాత చిన్న కారు. వెనక సీట్లో భార్య నాగమణి, ఆమె పక్కన తడి తువ్వాలు మెడకు చుట్టుకున్న కూతురు భార్గవి.

"రెండు తూర్లు గ్యాస్ కొట్టించినానన్నా. బయల్దేరినప్పుడు కొంచెం గాలి వస్తాది. దోవలో పోతా పోతా అదీ రాకుండా పోతాది" అన్నాడు.

"గాలి రాకపోతే గ్యాస్ ఎందుకప్పా కొట్టించేది? చల్లదనం వేరే, గాలి వేరే" అని కసిరాను.

నాగమణి గబగబా దిగింది. "కోప్పడొద్దన్నా. మా పాపకు పుట్టినప్పటి నుంచి చెమట పట్టదు. ఒంట్లో ఆ గ్రంథులే లేవని డాక్టరు చెప్పినాడు. ఎండ తగిలితే ఒళ్ళు పెనం మాదిరి కాల్తాది. ఎల్లుండి నుంచి టెన్త్ పరీక్షలు. సెంటరు దూరం, వచ్చేది మిట్టమధ్యాహ్నం. మొన్న స్కూల్లో పెట్టిన ప్రిపరేటరీ పరీక్ష రాసి వస్తా ఈ కారులోనే స్పృహ తప్పింది."

"ఇది బాగయ్యేదాకా క్యాబ్‌లో పోరాదా?"

"ఏసీ వెయ్యప్పా అంటే దిగిపొమ్మంటారు."

భార్గవి కిటికీలోంచి తల బయటపెట్టింది. "అంకుల్, బాగు కాదంటే ఇప్పుడే చెప్పేయండి. ఐస్ గడ్డలు ఒళ్ళో పెట్టుకోనైనా పోతాను. పరీక్ష మాత్రం వదల్ను."

ఆ పిల్ల మొండితనం నాకు భలే నచ్చింది. "ఐసూ వద్దు, గైసూ వద్దు. బాగు చేసే పంపిస్తాను, దిగు తల్లీ" అన్నాను. మిగతా బండ్ల వాళ్ళను రెండు రోజులాగి రమ్మన్నాను. ఒకాయన తిట్టుకుంటూ పోయాడు. పోనీలే అనుకున్నాను.

ముందు బ్లోయర్ చూశాను. డ్యాష్‌బోర్డు వెనక ఉండి గాలిని విసిరే ఫ్యాన్ అది. స్పీడు పెంచితే మోత పెరిగింది, గాలి పెరగలేదు. అంటే మోటారు తిరుగుతోంది, గాలికే ఎక్కడో అడ్డముంది. గ్యాస్ ప్రెషర్ చూపించే గేజు తగిలిస్తే కంప్రెసరూ బాగానే పనిచేస్తోంది. ఇక మిగిలింది కూలింగ్ కాయిల్. పల్చటి అల్యూమినియం రేకుల పెట్టె అది, బ్లోయర్ గాలి దాని సందుల్లోంచి దూరి చల్లబడి మన ముఖాన తగులుతుంది. ఆ సందులు పూడుకుపోతే కాయిల్ మీది తేమ మంచుగడ్డ కట్టి, వచ్చే కాస్త గాలినీ ఆపేస్తుంది. దోవలో గాలి తగ్గిపోయేది అందుకే.

"ఏసీ వేస్తే వాసనేమైనా వస్తుందా?" అని భార్గవిని అడిగాను. లోపల ఎలుక చచ్చిందేమోనని నా అనుమానం.

"వస్తాది అంకుల్. మురిగిపోయిన పూల వాసన."

కాయిల్ బయటికి తీయాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. దించాను. బ్లోయర్ చక్రం నిండా ఎండిన బంతిరేకులు, తులసాకులు. కాయిల్ ముఖానికి బూడిద రంగు పూత గట్టిగా పట్టేసి, ఒక్క సందు కూడా కనిపించడం లేదు.

ఓబుళేసు గోటితో గీకి చూశాడు. "ప్లాస్టరింగ్ చేసినట్టుండాది కదన్నా!" అన్నాడు. మరుక్షణం అతని ముఖం వాడిపోయింది. "ఇది విభూది."

సంగతంతా అప్పుడు చెప్పాడు. రోజూ పొద్దున్నే నాగమణి స్నానం చేసి, బిడ్డను చల్లగా చూడు సామీ అని మొక్కి, కారు ముందు అద్దం కింద వైపర్ల దగ్గరుండే జాలీలో పూలు గుచ్చి, విభూది చల్లుతుంది. బయటి గాలి కారులోకి వచ్చే దారి సరిగ్గా ఆ జాలీ కిందే. అది విరిగిపోయి ఉంది, ఆ పాత మోడల్లో ఫిల్టరూ లేదు. పైగా పాపకు మంచి గాలి తగలాలని ఓబుళేసు ఆ దారిని ఎప్పుడూ తెరిచే ఉంచేవాడు. చల్లిన విభూది చల్లినట్టే లోపలికి పోయి, కాయిల్ మీది తేమకు ముద్దయి బిగుసుకుపోయింది.

ఓబుళేసు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆమెకు చెప్పొద్దన్నా. తట్టుకోలేదు."

"చెప్పకపోతే రేపు మళ్ళీ చల్లుతుంది. అప్పుడు పాప గతేంది?" అన్నాను. నేనే పోయి చెప్పాను.

నాగమణి పక్కనున్న టైరు మీద కూలబడింది. "నా బిడ్డకు గాలి ఆపింది నేనేనా అన్నా?" అంది. ఎంత మెల్లగా చెప్పినా ఆ మాట కత్తే కదా.

భార్గవే నవ్వేసింది. "ఊరుకోమ్మా. దేవుడికి పెట్టిన పూలన్నీ నేనే వాసన చూసినా. దేవుడికే ఏమీ మిగల్లేదు పాపం." నాగమణి ఏడుస్తూనే కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ మోడల్‌కు కొత్త కాయిల్ దొరుకుతుందేమోనని తెలిసిన స్పేర్ షాపులన్నిటికీ ఫోన్ చేశాను. ఎవరి దగ్గరా లేదు. ఉన్నదాన్నే కడగాలి. ప్రెషర్‌తో కొడితే రేకులు వంగిపోతాయి, యాసిడ్ పోస్తే చిల్లులు పడతాయి. నానబెట్టి, వెనకవైపు నుంచి మెల్లగా నీళ్ళు పోస్తూ, ఓపికగా కరిగించడమొక్కటే దారి. అంత నీళ్ళు నా షాపులో ఎక్కడివి? నాగమణి లేచి దగ్గర్లోనే ఉన్న తమ రూముకు పోయి, ఇంట్లోకని పట్టుకున్న నీళ్ళు బిందెలతో మోసుకొచ్చింది.

"మీరు పోయండమ్మా, నేను రుద్దుతాను" అన్నాను.

"నేను పెట్టింది నేనే కడుగుతానన్నా" అని మెత్తటి బ్రష్షు నా చేతిలోంచి లాక్కుంది. సాయంత్రం దాకా అక్కడి నుంచి లేవలేదు. నీళ్ళు తేటగా జారేవరకూ కడుగుతూనే ఉంది. మరుసటి రోజు పొద్దున నేను కొత్త రబ్బరు రింగులేసి కాయిల్ బిగించాను, లోపలి గాలీ తేమా మిషన్‌తో లాగేసి గ్యాస్ నింపాను. జాలీ కింద సన్నటి కొత్త మెష్ కొట్టాను. పూలు పెట్టాలనిపిస్తే కారు లోపల, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోమన్నాను.

మధ్యాహ్నం ఎండ చూసుకునే ట్రయల్‌కు బయల్దేరాం. కావాలనే ఎలక్ట్రానిక్ సిటీ వైపు, ట్రాఫిక్ నిలిచిపోయే చోటికి పోనిమ్మన్నాను. ఓబుళేసు స్టీరింగ్ పట్టుకున్నాడు, పక్కన భార్గవి. గాలి ముఖాన కొడుతూనే ఉంది, ఎక్కడా తగ్గలేదు. నేను వెనక సీట్లోంచి చెయ్యి చాపి, గాలికి అడ్డం పెట్టి పెట్టి చూస్తున్నాను.

"అంకుల్, రవ్వంత తగ్గించండి. చలి పెడతాండాది" అంది భార్గవి.

నాగమణి ముందు సీటు పట్టుకుని వంగింది. "ఏమంటివి? ఇంగోసారి చెప్పు."

"చలి పెడతాండాదమ్మా!"

ఎండాకాలంలో బిడ్డ నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలట. ఓబుళేసు కళ్ళు తుడుచుకునేలోపు వెనక బండ్లన్నీ హారన్లు కొట్టాయి. కొట్టనీ అన్నాను.

గాలి రాని బండి వస్తే ఇప్పుడు గేజు జోలికి పోయేముందు ఇంటివాళ్ళందరితో మాట్లాడతాను. పొద్దున లేచి ఈ బండికి ఏం చేస్తారని అడుగుతాను. కొందరు నవ్వుతారు, నవ్వుకోనీ. బండికి ఎక్కువ అడ్డాలు పెట్టేది దాన్ని ప్రేమగా చూసుకునేవాళ్ళేనని నాకు ఆ కారు నేర్పింది.

మొదటి పరీక్ష రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. నాగమణి.

"అన్నా, పాప పరీక్ష రాసి ఇంటికొచ్చేసింది. నుదురు పట్టి చూసినాను. కాలలేదు."