కన్ను కొట్టించిన బీరు

ఆఫీసు పని మీద సింగపూర్ వెళ్ళినప్పుడు, ఒక సాయంత్రం తంజోంగ్ పగార్‌లో చిన్న బీరు దుకాణంలోకి దూరాను. ద్రాక్షపళ్ళు వేసి, చెక్క పీపాలో రెండేళ్ళు ఊరబెట్టిన బీరు ఉందనీ, బాగా పుల్లగా ఉంటుందనీ కౌంటర్‌లోని అమ్మాయి ఇంగ్లీషులో హెచ్చరించింది. పచ్చి చింతకాయలు ఉప్పద్దుకుని తిన్నవాణ్ణి, నాకేం భయం అనుకున్నాను.

మొదటి గుక్కకే నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. ఖర్మకొద్దీ అప్పుడు పక్క బల్ల దగ్గరి పెద్దాయన వైపు చూస్తున్నాను. ఆయన తిరిగి నాకు కన్ను కొట్టాడు. సిగ్గుతో చచ్చిపోయి, కంగారులో ఇంకో గుక్క తాగాను. మళ్ళీ నా కన్ను, మళ్ళీ ఆయన కన్ను.

"ఓరి నాయనో!" అన్నాను పైకే.

"తెలుగువాళ్ళా?" అంటూ ఆయన గ్లాసు పట్టుకుని నా ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"అంకుల్, నేను కన్ను కొట్టలేదండీ. పులుపుకి అదే మూసుకుపోతోంది."

"నాదీ అంతే లా!" అన్నాడాయన సింగపూర్ యాసలో, గొంతు తగ్గించి. "మూడు నెలలుగా రోజూ తాగుతున్నా. ఇది చేసింది మా అమ్మాయే. అదిగో, కౌంటర్‌లో ఉంది. బాలేదని మాత్రం అనకు బాబూ."

కూతురికి కనబడకుండా తాగే తండ్రులను చాలామందిని చూశాను. కూతురికి కనబడాలని తాగే తండ్రిని చూడటం అదే మొదటిసారి.

ఇంతలో ఆ అమ్మాయి మా దగ్గరికి వచ్చింది. "నాన్నా, నైస్ ఆర్ నాట్?"

"సూపర్!" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆమె ముఖం వెలిగిపోయింది. మేం వద్దనేలోపే రెండు గ్లాసులూ అంచుదాకా నింపేసింది.