డ్రమ్ము దెబ్బ పడేదాకా

మా ఆయన పగలు మరమగ్గం నడుపుతాడు, సాయంత్రాలు నాటకాలు వేస్తాడు. నేను పక్కతెర వెనక కూర్చుని కీబోర్డు వాయిస్తాను; వయొలిన్, డ్రమ్ము చప్పుళ్లన్నీ దాని మీదే. తాను ఏడిస్తే జనం ఏడుస్తారని ఆయన నమ్మకం. ముందు నేను వయొలిన్ మొదలుపెడితే తప్ప ఒక్కరి కన్నూ తడవదని నా నమ్మకం.

వరంగల్‌లో నాటక పోటీలకు ముందురోజు, రిహార్సల్లో అందరి ముందూ అనేశాడు.

"మ్యూజిక్‌దేముందే? కూరల కరివేపాకు. నా యాక్టింగ్ చూసి ఏడుస్తాండ్రు జనం."

ఒళ్లు మండిపోయింది. "సరే తియ్, రేపు చూద్దాం" అన్నాను.

మూడేళ్లుగా ఉత్తమ నటుడి కప్పు కోసం కలవరిస్తున్నాడు. షోకేసులో దానికి జాగా కూడా ఉంచాడు. అక్కడ నా కుంకుమ భరిణె పెడతానన్నా ఒప్పుకోడు. కప్పు రావాలంటే చివరి సీను పండాలి. అందులో ఆయన భార్య పోయిన ముసలి తండ్రి, మంచంలో చచ్చిపోతుంటాడు. మా పద్ధతి ఒకటే: వయొలిన్ మొదలైతే దగ్గాలి, పెరిగితే మాట తడబడాలి, డ్రమ్ము దెబ్బ పడగానే ప్రాణం పోవాలి. ఎన్నేళ్లుగానో అలాగే చస్తున్నాడు.

పోటీలో ఆ సీను రాగానే నేను చేతులు కట్టుకు కూర్చున్నాను.

దగ్గాడు. వయొలిన్ లేదు. మళ్లీ దగ్గాడు. డైలాగులన్నీ అయిపోయాయి. దెబ్బ పడకుండా చావడం ఆయనకు అలవాటు లేదు, పాపం! సగం లేచి, నా వైపు తిరిగి చీకట్లో వెతికాడు.

"ఏడున్నవే... ఉన్నవా?"

స్క్రిప్టులో లేని మాట. కప్పు పోతోందన్న భయంతో కళ్లనిండా నిజం నీళ్లు. కట్టుకున్న చేతులు విప్పాను. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన నాకోసం అంతగా వెతకడం ఎన్నడూ చూడలేదు.

ముందు వరుసలో ఒక పెద్దమ్మ, "అయ్యో, సచ్చిపోయిన పెండ్లాన్ని పిలుస్తాండు!" అని భోరుమంది. ఆమె వెంట హాలంతా. జాలేసి దెబ్బ కొట్టాను. దబ్బున పడి చచ్చిపోయాడు.

కప్పు వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని షోకేసులో పెట్టి, "చూసినవా? మ్యూజిక్ లేకుంటనే ఏడ్పించిన" అన్నాడు.

"చూసిన తియ్" అన్నాను.

కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వచ్చే నాటకంల గూడ దెబ్బ జర లేటుగ కొట్టవే. కని... కొట్టుడు మాత్రం మర్వకు."