ఫైట్ కాదు, అటాక్

శామీర్‌పేట చెరువులో మా అన్న థర్మాకోల్ తెప్ప మీద వంగి వల లాగుతుంటే, పక్క వల వేసిన మనిషి తన తెప్ప మీద వెనక నుంచి వచ్చి తెడ్డుతో తల మీద కొట్టాడు. తన జాగాలో వల వేశాడని కోపం. అన్న తిరిగి చూసేలోపే రెండో దెబ్బకు ముక్కు పగిలింది. నేను ఒడ్డు నుంచి ఈది వెళ్లేసరికి అన్న భుజం మీద ఇంకోటి పడింది. తెప్ప అంతా నెత్తురు.

మా చేపల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. చెరువులో ఇద్దరు కొట్టుకుంటే తప్పెవరిదని అడగరు. ఇద్దరి వలలూ ఒడ్డుకెక్కాలి. వచ్చే వానాకాలం మళ్లీ చేపపిల్లలు వదిలేదాకా ఇద్దరూ నీళ్లలో దిగకూడదు. అన్నకు వేరే పని రాదు.

మర్నాడు పొద్దున కట్ట మీద అందరూ కూడారు. సంఘం పెద్ద మాకు వరసకు పెద్దబాపు, అంటే పెదనాన్న.

"ఫైట్ అయింది. ఇద్దరియి తియ్యుండ్రి" అన్నాడు.

నేను లేచాను. బడి మధ్యలో మానేసినా, మేడ్చల్ లైబ్రరీలో ఇంగ్లీషు నిఘంటువు పేజీ విడవకుండా చదివినవాణ్ణి. ఆ గర్వం ఇప్పటికీ ఉంది.

"పెద్దబాపూ, ఫైట్ అంటే ఇద్దరు కొట్టుకునుడు. ఒక్కడే కొడితే దాన్ని అటాక్ అంటరు. వల గుంజేటప్పుడు తాడు మణికట్టుకు చుట్టుకుంటం గదా. రెండు చేతులు తాడుకే ఉంటే అన్న ఏంతోని కొడతడు?"

"లైబ్రరీ వకీలు వచ్చిండు" అని ఎవరో నవ్వారు.

పెద్దబాపు నవ్వలేదు. అన్న మణికట్ల మీద తాడు కోసిన గీతలు చూసి, అన్న వైపు తిరిగాడు.

"గట్లయితే నీ వల ఉంటది. నువ్వు చెప్పురా. వాడు కొడుతుంటే ఉత్తగనే పడ్డవా?"

"పడ్డడు, గొర్రె లెక్క" అన్నాడు కొట్టినవాడు.

అన్న ముక్కుకు కట్టిన గుడ్డ పీకేశాడు. మళ్లీ నెత్తురు కారింది.

"ఎవడు పడ్డడు? నేను గూడ కొట్టిన. కడుపుల తన్నిన."

"అన్నా, అబద్ధమెందుకు?" అన్నాను.

"నువ్వు కూసో. నీ బుక్కుల మాటలు ఇంట్ల చెప్పుకో."

పెద్దబాపు ఇద్దరి వలలూ తియ్యమన్నాడు. కట్టుబాటు ప్రకారం ఒకరి వల ఇంకొకరు తీయాలి. కొట్టినవాడు అన్న వల ఒడ్డుకు లాగి పడేసి, పడని తన్నుకు కడుపు రుద్దుకుంటూ వచ్చాడు.

"మస్తు తన్నినవ్ అన్నా" అన్నాడు.

నెత్తురంటిన పెదవులతో అన్న నవ్వాడు.