జొన్నచేలో దిగిన పెట్టె

నా చిన్నప్పుడు మా ఊళ్లో దొరికిన వస్తువుకు ఒక కట్టుబాటు ఉండేది. దారిలో మూట దొరికినా, పొలంలో కుండ బయటపడినా, దొరికినవాడు దాన్ని పదిమంది ముందు విప్పాలి. ఒంటరిగా విప్పినవాడు, విప్పకుండా దాచినవాడు ఇద్దరూ ఊరి దృష్టిలో దొంగలే. ఆళ్లగడ్డకు దగ్గరలోని ఆ పల్లెలో ఈ కట్టుబాటును అందరికంటే గట్టిగా పాటించినవాడు మా తాత.

ఒక చలికాలపు ఉదయం మా జొన్నచేలో పలుచని ప్లాస్టిక్ గుడ్డ ఒకటి వెన్నుల మీద పరచుకొని కనిపించింది. దాని కొసన తాళ్లతో కట్టిన పెట్టె, చుట్టూ నల్లకాగితం బిగించి ఉంది. తాత దాన్ని బండి మీద ఇంటి ముందుకు తెప్పించాడు. కాసేపటికే ఊరంతా చేరింది.

ఆ రోజు మా చిన్నాయన ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకు నంద్యాలలో ఫోటోల దుకాణం. ఫోటో అంటే ఎన్నడూ ఒప్పుకోని మా అవ్వను ఆ ఉదయమే బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టి, తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క గాజుపలక మీద ఆమెను ఫోటో తీశాడు. ఆ ముచ్చటను సగం ఊరు గోడల మీదుగా చూసింది. ఆ పలకను నంద్యాల తీసుకుపోయి, చీకటిగదిలో మందునీళ్లలో కడిగితే తప్ప బొమ్మ తేలదు.

చిన్నాయన పెట్టె మీద అంటించిన అచ్చుకాగితం చదివి, తనకు తెలిసింది కలిపి చెప్పాడు. శాస్త్రవేత్తలు పెద్ద బెలూనుకు కట్టి దాన్ని పైకి వదిలారు. అంతరిక్షం నుంచి వచ్చే గామా కిరణాల వంటివాటిని గాలిపొర నేలదాకా రానివ్వదు. వాటి జాడలు పట్టడానికే లోపల ఫోటోపలకలు పెట్టి అంత ఎత్తుకు పంపారు. తెరవవద్దని, కబురు చేయమని కాగితంలో ఉంది.

"కాగితంలో ఏమన్నా రాస్తారప్పా," అన్నాడు పక్కచేని రైతు. "విప్పన్నా. మూసిపెట్టుకుంటే రేపు నీకు లంకెబిందె దొరికిందంటారు. ఆ మాట మొదలుపెట్టేది నేనే."

జనం నవ్వారు. తాత నవ్వలేదు. కొడవలి తెమ్మన్నాడు.

చిన్నాయన పెట్టెకు అడ్డంగా నిలిచాడు.

"ఏందిరా అడ్డం నిలబడతాండావ్?"

"వద్దు నాయనా. ఎండ తగిలితే దాంట్లో ఉండేదంతా పోతాది."

"ఏముందని పోయేదానికి? నువ్వేమన్నా చూసినావా?"

అప్పుడు గడపలో కూర్చున్న అవ్వ అంది: "నేనుండే పలక తెచ్చి చూపియ్యి వీళ్లకు."

"చూపిస్తే నీ ఫోటో పోతాదమ్మా."

"పోతే పోనీలే. ఇంకెట్ల నమ్ముతారు వీళ్లు?"

చిన్నాయన లోపలి నుంచి పలకను మూసిన చట్రంతోనే తెచ్చి, మూత లాగి, ఎండలో ఎత్తి పట్టుకున్నాడు. మీగడరంగు గాజు. అందులో అవ్వ లేదు. చూస్తుండగానే అది బూడిదరంగుకు తిరిగింది.

"పొద్దున్నుంచి మా అమ్మ దీంట్లోనే ఉండె. ఇంక కడిగినా రాదు," అన్నాడు.

పక్కచేని రైతు గాజునూ అవ్వనూ మార్చి మార్చి చూశాడు. "ఉత్తపుణ్యానికి పాయెనే వదినా."

"నువ్వు నమ్మేదానికే పాయె," అంది అవ్వ. ఇంకో పలక తెస్తాను, మళ్లీ కూర్చోమని చిన్నాయన అడిగితే, "ఒగసారికే నడుం పట్టింది, చాలు" అని లోపలికి వెళ్లిపోయింది.

తాత కొడవలి పక్కన పెట్టాడు. పెట్టె మీద దుప్పటి కప్పించి, పక్కచేని రైతునే కాపలా కూర్చోబెట్టాడు. చిన్నాయన ఆళ్లగడ్డ పోయి కాగితంలోని చిరునామాకు తంతి ఇచ్చి వచ్చాడు. జీపులో వచ్చినవారు పెట్టెను మూసింది మూసినట్టే తీసుకుపోయారు. వాళ్ల పలకల్లో ఏమి తేలిందో మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత సంతలో, బస్సులో, పెళ్లిపందిట్లో ఎవరు అడిగినా తాత ఒకే మాట చెప్పేవాడు: "నాకు తెల్దు. నేను విప్పలే." విప్పి చూపడమే నిజాయితీ అని బతికిన మనిషికి ఆ మాట ఎంత బరువో నాకు అప్పుడు అర్థం కాలేదు.

నేను బడిపంతులమ్మనై, కఠినురాలినని పేరు తెచ్చుకున్న తర్వాత అర్థమైంది. పిల్లలు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియనప్పుడు, ఏదో ఒకటి కల్పించి పరువు నిలుపుకోవాలని నాకూ అనిపించేది. అలా అనిపించిన ప్రతిసారీ సుద్దముక్క బల్ల మీద పెట్టి, వాళ్ల ముఖాల వైపు తిరిగి, నాకు తెలియదనే చెప్పాను.